ప్రస్తుత చిరునామా

ఒకావిడ నోట్లో పెట్టుకునే హెయిర్ పిన్నులను చూసి ఏడ్చానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీండి. తొంభైల మొదట్లో యూసుఫ్‌గూడలోని ఒక కుటుంబ సలహా కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేసేటప్పుడు, ఫిల్మ్ నగర్ బస్తీలో ఉండే ఒక హెయిర్ డ్రెస్సర్ అంటే నాకు కడుపుమంట. ఆ మంట దానంతటది చల్లారిపోయి ఉంటే ఇప్పుడు ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

మాది తెనాలి వైపు. నాన్న మద్రాసులో ఎడిటింగ్ అసిస్టెంటుగా ఉండేవారు. సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదు వచ్చేస్తుంటే ఆయనా మమ్మల్ని తీసుకుని వచ్చి మోతీనగర్‌లో రెండు గదుల పోర్షన్‌లో దించారు. నేను సోషల్ వర్క్ చదివాను. క్లాసులో ఫస్టు. ఆ సంగతి అప్పట్లో అడిగిన వాళ్లకూ చెప్పేదాన్ని, అడగని వాళ్లకూ చెప్పేదాన్ని.

మా కేంద్రాన్ని నడిపేది జూబ్లీహిల్స్ ఆడవాళ్ల కమిటీ. దాని అధ్యక్షురాలు ఒక నిర్మాతగారి భార్య. మంచి మనిషి. మీటింగులు ఆవిడ బంగళా వరండాలో, ఇల్లు కట్టేటప్పుడు పగలగొట్టకుండా వదిలేసిన పెద్ద బండ పక్కన జరిగేవి. కేంద్రం మాత్రం యూసుఫ్‌గూడలో ఒక కిరాణా కొట్టు పైన రెండు గదులు. ఒక బీరువా, ఒక బల్ల, బల్లకు ఇటు నేను, అటు వచ్చినావిడ. గోడకు ‘మౌనం వీడండి’ అని ఒక పోస్టరు ఉండేది, వచ్చిన వాళ్లు దాన్ని చూస్తూ మౌనంగా కూర్చునేవాళ్లు.

భర్త కొడుతున్నాడని ఎవరైనా వస్తే మా పద్ధతి ఒకటే. ముందు ఫారం నింపాలి. తర్వాత భర్తకు ఉత్తరం వేయాలి, ఫలానా రోజు రండి మాట్లాడుకుందాం అని. వచ్చాక ఇద్దరికీ నచ్చజెప్పి రాజీ పత్రం మీద సంతకాలు పెట్టించాలి. దెబ్బలు తిన్న మనిషినీ కొట్టిన మనిషినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి పంపించడాన్ని మేం విజయం అనుకునే రోజులవి. అస్సలు వినని వాళ్ల విషయంలో స్టేషనుకూ కోర్టుకూ తోడు వెళ్లేదాన్ని. సాయంత్రం ఇంటికి చేరగానే అమ్మ, “ఇవాళ ఎవర్ని కలిపావే?” అని అడిగేది, నేనేదో పెళ్లి సంబంధాలు చూసేదాన్నయినట్టు.

వచ్చే వాళ్లలో సగానికి సగం సినిమా పని చేసుకునే కుటుంబాల ఆడవాళ్లు. గుంపు సీన్లలో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, కాస్ట్యూములు ఉతికేవాళ్లు, లైట్‌మన్ల భార్యలు. ఎదురుగా కూర్చునేవాళ్లు, చీర కొంగు వేలికి చుట్టుకునేవాళ్లు, నోరు విప్పేవాళ్లు కారు. “ఎవరు పంపారమ్మా?” అని అడిగితే మాత్రం వెంటనే జవాబు వచ్చేది.

“అక్క పంపింది.”

ఏ అక్క అని అడిగితే నా వైపు జాలిగా చూసేవాళ్లు, ఈ మాత్రం తెలియకుండానే ఉద్యోగం చేస్తున్నావా అన్నట్టు. అక్క అంటే ఆ హెయిర్ డ్రెస్సర్. పుట్టి పెరిగింది ఇక్కడే. ఫిల్మ్ నగర్ గుట్టల్లో బంగళాలకు పునాదుల కోసం రాళ్లు పేల్చిన రోజులు తెలిసిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఆవిణ్ని ‘మీరు’ అనేదాన్ని. ఆవిడ నన్ను ‘మేడమ్’ అంటూనే ‘నువ్వు’ అనేది. మా అధ్యక్షురాలిని కూడా ‘నువ్వు’ అనేది. అధ్యక్షురాలు దానికి మురిసిపోయేవారు. అదీ నాకు ఒళ్లుమంటే.

మొదటి దెబ్బ వ్యాను దగ్గర తగిలింది. యూనిట్లో టిఫిన్లు వడ్డించే ఒకాయన పెళ్లాన్ని రోజూ కొట్టేవాడు. నేను మూడు ఉత్తరాలు వేశాను. మూడోదానికి వచ్చి, చేతులు కట్టుకుని కూర్చుని, నేను చెప్పిందానికంతా తలూపి, రాజీ పత్రం మీద సంతకం పెట్టాడు. నాలుగు రోజులకే అతని భార్య చిట్లిన పెదవితో మళ్లీ వచ్చింది. ఇంకో ఉత్తరం తయారు చేస్తున్నాను. ఈలోగా ఒక పొద్దున కృష్ణానగర్‌లో షూటింగు వ్యాను బయల్దేరబోతోంది, లోపల జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. అతను ఎక్కాడు. వెనక సీట్లో ఉన్న హెయిర్ డ్రెస్సర్ తన పెట్టె తీసుకుని దిగిపోయింది. ఆమె వెనకే అందరూ దిగారు. కేకల్లేవు, నినాదాల్లేవు. రోడ్డు పక్కన టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఏజెంటు వచ్చి బతిమాలాడు, ప్రొడక్షన్ మేనేజరు స్కూటరేసుకుని వచ్చాడు. హీరో మేకప్పేసుకుని కూర్చున్నాడు, మీరొస్తేనే పెళ్లి సీను మొదలవుతుందని మొత్తుకున్నాడు. ఆడవాళ్లు ఒకటే మాట చెప్పారట.

“ఆడు ఎక్కిన బండి మేం ఎక్కం.”

అతన్ని దించేశారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వారానికి అతనే నా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, “అమ్మా, మీరు చెప్పండమ్మా వాళ్లకి, ఇంక చెయ్యెత్తను” అని బల్ల ముందు నిలబడ్డాడు. తర్వాత నిజంగానే ఎత్తలేదని అతని భార్య చెప్పింది. ఆ నెల రిపోర్టులో నేను ‘కౌన్సెలింగ్ ద్వారా రాజీ కుదిరింది’ అని రాసుకున్నాను. వ్యాను ఊసు ఎత్తలేదు.

కానీ ఊరంతా ఆ ఊసే ఎత్తింది. మీటింగులో అధ్యక్షురాలు, “ఆవిడకొస్తున్న రెస్పాన్స్ మనకెందుకు రావట్లేదమ్మా?” అని నన్నే అడిగారు. మామూలుగానే అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్లు చదివి, కేసు స్టడీలు బట్టీపట్టి, చివరికి జడలు వేసే ఆవిడతో పోల్చి చూసుకోవాల్సి వచ్చిందని ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అసలు ఆమె ఏం చేస్తుందో చూద్దామని ఒకరోజు ఫిల్మ్ నగర్‌లోని స్టూడియోకు వెళ్లాను. సెట్టు వెనక షామియానా కింద పెళ్లి సీనుకు ముస్తాబవుతున్నారు. ఇరవై మందికి పైగా ఆడవాళ్లు చెక్కపెట్టెల మీద వరసగా కూర్చున్నారు, అందరికీ పూలజడలే. ఆమె ఒక్కొక్కరి వెనకా నిలబడి దువ్వి, సవరం కలిపి, అల్లి, పిన్నులు గుచ్చుతోంది. పిన్నులన్నీ ఆమె పెదాల మధ్య ఉన్నాయి. గుత్తిగా, పది పన్నెండు. అందువల్ల ఆమె మాట్లాడలేదు. “ఊఁ” అనగలదు, అంతే.

కూర్చున్నవాళ్లు మాట్లాడుతున్నారు. ఎదురుగా ఎవరూ లేరు, వెనకున్నావిడ ముఖం కనబడదు, ఆవిడ నోరు తెరవలేదు. అత్తగారి మాటలు, కోడలి మాటలు, నిన్న వీపు మీద పడిన బెల్టు దెబ్బ, అన్నీ గాలిలోకి చెప్పేస్తున్నారు. ఒకావిడ జుట్టులో దువ్వెన ఒకచోట ఆగింది. అక్కడ ఎవరో పట్టి లాగితే కుదుళ్లు ఊడి, బొప్పి కట్టి ఉంది. హెయిర్ డ్రెస్సర్ ఏమీ అడగలేదు. ఆ చోటు వదిలేసి పాపిడి పక్కకు మార్చి తీసింది. కూర్చున్నావిడ నిశ్శబ్దంగా ఏడ్చింది. నా దగ్గరికి ఆరు నెలలుగా వస్తూ ఒక్కమాట చెప్పని మనిషి ఆవిడ.

పని అయ్యాక నన్ను చూసి పిన్నులు తీసి, “ఏంది మేడమ్, గిట్ల వచ్చినవ్? జర కూసో, చాయ్ చెప్త” అంది.

“మీరేం చెబుతారండీ వాళ్లకి?” అని అడిగాను.

“నేనేం చెప్త? నోట్లె పిన్నులుంటయ్. వాళ్లు చెప్తరు, నేను ఊఁ అంట. బాధ ఎక్కువున్నోళ్లని నీ తాన్కి పంపిస్త. కాయితాలు నాకేడ తెలుస్తయ్?”

నిజంగా అంతే అనుకుని చెప్పింది. ఆ వినయం కూడా నాకు నచ్చలేదు. మర్నాడు ఆఫీసులో కుర్చీ తిప్పి, వచ్చినావిణ్ని కిటికీ వైపు కూర్చోబెట్టి నేను వెనక నిలబడి, “చెప్పమ్మా” అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి లేచి చెప్పులేసుకుంది. వెనక నిలబడటానికీ ఒక పనుండాలని, ఉత్తినే నిలబడితే భయం వేస్తుందని నాకు అప్పుడు తట్టలేదు.

అలాంటి రోజుల్లో ఆ అమ్మాయి వచ్చింది. కాకినాడ వైపు నుంచి వచ్చిన పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి. కళ్లు పెద్దవి, గుంపులో ఉన్నా కెమెరా ఆగిపోయే ముఖం. అప్పుడప్పుడు రెండు డైలాగులున్న వేషాలు కూడా ఇస్తున్నారు. భర్త సెట్టింగు పనిలో కార్పెంటరు. అనుమానం మనిషి. అప్పటికే అతని దెబ్బలకు ఆమె ఎడమ చెవి సరిగ్గా వినపడటం మానేసింది. కిందటి వారం ఉలి తీసి బుగ్గకు ఆనించి, “దీంతో ఒక్క గాటు పెడితే నిన్నెవడు పిలుస్తాడో చూస్తా” అన్నాడట. ఆ మర్నాడే కట్టుబట్టలతో హెయిర్ డ్రెస్సర్ ఇంటికి వచ్చేసింది.

నాకు ఈ కేసు కావాలనిపించింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అలాగే అనిపించింది. ఇన్నాళ్లకు మాట్లాడే మనిషి దొరికింది, నేను అడిగినవాటికి చక్కగా జవాబులు చెబుతోంది. “మా ఇంటికి వచ్చేయ్, మోతీనగర్‌లో మా అమ్మ ఉంటుంది, భయం లేదు” అన్నాను.

“వద్దండీ,” అంది. “అక్క దగ్గరైతే నాకు నిద్ర పడుతుందండీ.”

నా బల్ల, నా చదువు, మా అమ్మ చేతి వంట అన్నీ ఒక్క మాటతో పక్కకు పోయాయి. నవ్వుతూ “సరేనమ్మా” అన్నాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, దవడలు నొప్పెట్టాయి.

సాయంత్రం హెయిర్ డ్రెస్సర్ తనే వచ్చింది. షూటింగు నుంచి నేరుగా, చేతిలో పెట్టెతో. కూర్చోలేదు.

“మేడమ్, కేసు నువ్వే చూడాలె. ఆడ్ని బండి దించుడు నా చేతిల ఉన్నది గని, కోర్టు కాయితం నీ చేతిలనే ఉన్నది. ఉత్తరం రాయి, పిలువు, ఏమన్న చెయ్యి. గని పిల్ల యాడున్నదో ఆనికి తెల్వొద్దు. తెలిస్తె ముఖం ఖరాబ్ చేస్తడు.”

“ఆ మాత్రం నాకు తెలుసండీ,” అన్నాను.

నాకు తెలుసు. అదే ఇక్కడ చెప్పాల్సిన విషయం. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు ఆవిడ మిగల్చలేదు.

ఆ తర్వాతి వారం కమిటీ మీటింగులో, మార్చి నెల మహిళా దినోత్సవానికి హెయిర్ డ్రెస్సర్‌కు సన్మానం చేద్దామని తీర్మానించారు. శాలువా, పూలదండ, చదివి వినిపించడానికి సన్మాన పత్రం. “నీ తెలుగు బావుంటుందమ్మా, పత్రం నువ్వే రాయాలి” అన్నారు అధ్యక్షురాలు. రాశాను. ఆఫీసులో మధ్యాహ్నమంతా కూర్చుని, పీడిత స్త్రీలకు అండ, చదువు లేకున్నా సంస్కారం, ఇలాంటి మాటలన్నీ ఏరి ఏరి పెట్టాను. ‘చదువు లేకున్నా’ అన్నమాట మూడుచోట్ల వచ్చేటట్టు చూసుకున్నాను. మంచి మాట రాసినప్పుడల్లా కలానికి మూత పెట్టి మళ్లీ తీసేదాన్ని. చివరి వాక్యం అయ్యేసరికి నాలుగున్నర.

అదే కలంతో ఆ అమ్మాయి భర్తకు వేయాల్సిన ఉత్తరం తీశాను. ఆ ఉత్తరాలు ముందే సైక్లోస్టైల్ చేసి ఉండేవి, ఖాళీలు నింపితే చాలు. ఫిర్యాదు చేసినవారు, ఫిర్యాదు ఎవరి మీద, హాజరు కావలసిన రోజు. నాలుగో ఖాళీ ‘ఫిర్యాదీ ప్రస్తుత చిరునామా’. మామూలుగా పుట్టింట్లో ఉన్నవాళ్లకు పుట్టింటి ఊరు రాసేవాళ్లం. దాక్కున్నవాళ్లకైతే ‘కేంద్రం ద్వారా’ అని రాయాలి. ఆ నియమం పెట్టించింది నేనే. కమిటీతో వాదించి మరీ పెట్టించాను.

ఆ ఖాళీలో నేను ఫిల్మ్ నగర్ బస్తీ, నీళ్ల ట్యాంకు పక్క సందు, హెయిర్ డ్రెస్సర్ ఇల్లు అని రాశాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. తప్పు చదవడానికి వీల్లేకుండా రాశాను.

అలవాటు కొద్దీ చెయ్యి రాసేసిందని, సన్మాన పత్రంలో అప్పటిదాకా ఆవిడ గురించే రాస్తున్నాను కాబట్టి కలం అటే పోయిందని ఏళ్ల తరబడి నాకు నేను చెప్పుకున్నాను. నమ్మిన రోజులు కూడా ఉన్నాయి. కానీ కవరు అంటించేటప్పుడు నా మనసులో ఏముందో నాకు తెలుసు. అతనొచ్చి గుమ్మంలో గొడవ చేస్తాడు, ఆవిడ బెదిరిపోతుంది, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నా మెట్లెక్కి వచ్చి “నా వల్ల కాదు మేడమ్, నువ్వే చూస్కో” అంటుంది. ఆ ఒక్క మాట ఆవిడ నోటి నుంచి వినాలనిపించింది. గొడవ అంటే అరుపులే అనుకున్నాను. ఉలి సంగతి విని కూడా అరుపులే అనుకున్నాను. ఆ కవరు యూసుఫ్‌గూడ పోస్టుడబ్బాలో వేసి, బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించాను.

మూడో రోజు పొద్దున్నే అతను వెళ్లాడు. వ్యాను టైమవుతోందని హెయిర్ డ్రెస్సర్ పెట్టె సర్దుకుంటోంది. ఆ అమ్మాయి వెనక వాకిట్లో నీళ్లు పోసుకుంటోంది. అతను గుమ్మం ముందు నిలబడి నా ఉత్తరం చూపించి, “ఇక్కడే ఉందని రాశారు, పంపించు” అన్నాడట. హెయిర్ డ్రెస్సర్ ముందుగా ఆ కాగితాన్ని అతని చేతిలోంచి లాక్కుని జాకెట్లో దోపుకుంది. తర్వాత, “పిల్లా, ఉర్కు” అని వెనక్కి కేకేసి తలుపు వేయబోయింది. అతను తలుపును కాలితో తన్నాడు. ఆమె కుడి చెయ్యి తలుపుకూ ద్వారబంధానికీ మధ్య ఉండిపోయింది. తీస్తే తలుపు తెరుచుకుంటుందని తీయలేదు. అతను ఇంకోసారి తన్నాడు, ఇంకోసారి తన్నాడు. సందులోవాళ్లు వచ్చి అతన్ని పట్టుకునేసరికి ఆ అమ్మాయి వెనక గుట్ట దిగి వెళ్లిపోయింది.

ఇదంతా నాకు పది గంటలకు ఆఫీసులో తెలిసింది. చెప్పిన ఆవిడ, “అతనికి ఇల్లు ఎట్ల తెలిసిందో మేడమ్” అంది. నేను ఫైలు తెరిచి, ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు కాగితాలు తిప్పాను.

ఆ రోజంతా నేను మహా చురుగ్గా పనిచేశాను. స్టేషనుకు వెళ్లాను, ఫిర్యాదు నేనే రాశాను, డాక్టరు సర్టిఫికెట్టు తెప్పించాను, అతన్ని రిమాండుకు పంపేదాకా కదల్లేదు. అధ్యక్షురాలు అందరి ముందూ, “ఈ అమ్మాయి లేకపోతే ఏమయ్యేదో” అన్నారు. రెండేళ్లుగా నేను వినాలనుకున్న మాట. విన్నాను, ఇంటికెళ్లి వాంతి చేసుకున్నాను. అమ్మ ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చింది.

ఆసుపత్రికి మాత్రం అయిదు రోజులు వెళ్లలేదు. కోర్టు పని ఉందన్నాను. మూడు వేళ్లు విరిగాయని, అందులో రెండు ఇక వంగవని డాక్టర్లన్నారట. జడ అల్లడానికి ఆ రెండు వేళ్లే కావాలని ఎవరో చెప్పారు. ఆరో రోజు ఇక తప్పక వెళ్లాను. లోపల ఒక భయం ఉంది, ఆ కాగితం ఏమైందన్న భయం. పోలీసులకు అతను ఉత్తరం మాట చెప్పాడు, కానీ ఉత్తరం దొరకలేదు. అబద్ధం ఆడుతున్నాడని వాళ్లు తోసిపుచ్చారు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది, చేతికి మోచేతి దాకా పిండికట్టు. ఆవిడ జుట్టు రేగి ఉండటం ఎవరూ చూడలేకపోయారు కాబోలు, రోజుకొకరు వచ్చి దువ్వి జడ వేసి వెళుతున్నారట. ఆ పూట ఇంకా ఎవరూ రాలేదు. నన్ను చూసి, “మేడమ్ వచ్చినవా. గా దువ్వెన అందుకో జర, తల చిక్కు పడ్డది” అంది.

మంచం వెనక్కి వెళ్లి నిలబడ్డాను. జుట్టులో నాలుగైదు తెల్ల వెంట్రుకలున్నాయి. ఆవిడ గురించి నాకు తెలియనిది ఏమీ లేదనుకునేదాన్ని, ఇవి ఎప్పుడూ చూడలేదు. చెప్పేయాలి అనుకున్నాను. ఆవిడ ముఖం నాకు కనబడదు, నా ముఖం ఆవిడకు కనబడదు, ఇంతకంటే సుళువు ఎక్కడా దొరకదు. పక్కన బల్ల మీద ఆవిడ పిన్నులున్నాయి. అవి తీసి గుత్తిగా నా పెదాల మధ్య పెట్టుకున్నాను. ఆవిడ వినడానికి పెట్టుకునేది. నేను చెప్పకుండా ఉండటానికి పెట్టుకున్నాను.

ఇనుప రుచి నాలిక్కి తగులుతోంది. సగం జడ అయ్యాక ఆవిడే అంది, గోడ వైపు చూస్తూ.

“దిండు కింద నీ కాయితం ఉన్నది. పోయేటప్పుడు తీస్కపో.”

అల్లుతున్న పాయ జారితే మళ్లీ పట్టుకున్నాను.

“నీ అక్షరం నాకు ఎర్కనే. నాకు చదువు రాదు గని ఆడోళ్లు తెచ్చే కాయితాల మీద చూసిన, నీ అక్షరం గుండ్రంగ ఉంటది. ఎవ్వరికీ చూపియ్యలే. చూపిస్తె మల్ల ఒక్కతి గూడ నీ మెట్లెక్కదు. ఎక్కాలె గద, కాయితాలు నువ్వే రాయాలె గద.”

నోట్లో పిన్నులతో “ఊఁ” అన్నాను.

“ఆ పిల్ల మంచిగున్నది,” అంది. “సంతకాలు ఏమన్న కావాలంటె నాకియ్యి, నేను చేపిచ్చి తెస్త. యాడున్నదో మాత్రం నన్ను అడగకు.”

కోపంగా అనలేదు. ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. జడ పూర్తి చేశాను, వంకరగా వచ్చింది. దిండు కింద చెయ్యి పెట్టి ఉత్తరం తీసుకున్నాను. నాలుగు మడతలు వేసి ఉంది, మీద ఎండిన మరక ఒకటి. బస్సులో దాన్ని తెరిచి చూడలేదు.

సన్మానం జరిగింది. నేను రాసిన పత్రాన్ని నేనే చదవాల్సి వచ్చింది. ఆవిడ ఎడమ చేత్తో శాలువా సర్దుకుంటూ వింది. ‘చదువు లేకున్నా’ అన్నచోట నేను నోరు మూసుకుని దాటేశాను, మూడుసార్లూ.

ఆ తర్వాత రెండేళ్లు ఆ కేసు నడిచింది. నేను వకాలతు కాగితాలు, అఫిడవిట్లు ఆవిడకు ఇచ్చేదాన్ని, వారం తిరిగేసరికి ఆ అమ్మాయి సంతకాలతో తెచ్చి బల్ల మీద పెట్టేది. ఒకసారి కాగితం అంచుకు పసుపు అంటి ఉంది, ఎక్కడో వంట చేసుకుంటూ సంతకం పెట్టి ఉంటుంది. ఒకసారి తడి వేలి ముద్ర. కోర్టుకు ఆమె తప్పనిసరిగా రావాల్సిన రోజున నన్ను కాకుండా వకీలునే కలిపించి, సాక్ష్యం అవగానే ఆటో ఎక్కించి తీసుకుపోయారు. విడాకులు వచ్చాయి. హెయిర్ డ్రెస్సర్ మళ్లీ జడలు అల్లలేదు. వదులుగా జుట్టు వదిలే వేషాలకు ఎడమ చేత్తో దువ్వి పంపేది, పిన్నులు గుచ్చే పని వేరే ఆవిడ చేసేది. అయినా పిన్నులు మాత్రం ఈవిడ నోట్లోనే ఉండేవి, ఒక్కొక్కటి తీసి అందించేది. ఆడవాళ్లు అలాగే చెప్పుకునేవాళ్లు, అలాగే నా దగ్గరికి వచ్చేవాళ్లు. నేను రాజీ పత్రాలు రాయడం తగ్గించేశాను. ఎవరూ కారణం అడగలేదు.

ఆ అమ్మాయి ఫైలు మూసేటప్పుడు ఖాళీలన్నీ నింపాను, ఒక్కటి తప్ప. ప్రస్తుత చిరునామా దగ్గర ‘కేంద్రం ద్వారా’ అని కూడా రాయలేకపోయాను, ఎందుకంటే అది కేంద్రం ద్వారా కాదు. అది తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, అది నేను కాదు. ఇన్నేళ్లయింది, ఇప్పుడు ఆ సంగతి తలుచుకుంటే ముందు సిగ్గు రావాలి. రాదు. ముందు అసూయే వస్తుంది, సిగ్గు దాని వెనకాల వస్తుంది.